ఇరవై ఏళ్ల పిల్లకు బామ్మ వేషం: రోహిణీ హట్టంగడి సంగతి

ప్రశ్న (మహారాష్ట్ర సరిహద్దులోని రాజూరా నుంచి ఒక తల్లి అడిగింది): మేం ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. మా అమ్మాయి చంద్రపూర్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, నటన అంటే ప్రాణం. కానీ కాలేజీ నాటకాల్లో ఎప్పుడూ బామ్మ వేషమో, అత్త వేషమో ఇస్తున్నారని ఇంటికొచ్చి ఏడుస్తోంది. ఇలాగే ముద్ర పడిపోతే రేపు సీరియల్ వాళ్లు కూడా అవే పాత్రలకు పిలుస్తారేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. మా అత్తగారేమో "సీతారామయ్యగారి మనవరాలులో బామ్మ వేసినావిడకు ఎంత పేరొచ్చింది, ఆవిడ మన తెలుగామేగా" అంటారు. అసలు ఆవిడ కథేమిటి? మా పిల్ల ఏం చెయ్యాలి?

జవాబు:

చెల్లెమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. రోహిణీ హట్టంగడి తెలుగామె కాదు. 1951 ఏప్రిల్ 11న పుణెలో పుట్టిన మరాఠీ అమ్మాయి, పుట్టింటి పేరు ఓక్. అయినా మీ అత్తగారిని తప్పు పట్టక్కర్లేదు. మా బల్లార్పూర్‌లో నా ఈడు ఆడవాళ్లలో సగం మంది ఇప్పటికీ అలాగే అనుకుంటారు. 1991 సంక్రాంతికి ఆ సినిమా వచ్చినప్పుడు అక్కినేని పక్కన జానకమ్మగా ఆవిడ కూర్చున్న తీరు, కొంగు సర్దుకున్న తీరు చూసి ఎవరూ అనుమానపడలేదు. గోదావరి జిల్లాల్లో ఏ పెద్దింటి ఇల్లాలో అనుకున్నారు.

మీ అమ్మాయికి ముందుగా చెప్పాల్సింది ఒక లెక్క. ఆ సినిమా విడుదలయ్యేనాటికి రోహిణికి ఇంకా 40 నిండలేదు. అక్కినేనికి 65 దాటాయి. అంటే తనకన్నా పాతికేళ్లకు పైగా పెద్దాయన పక్కన సాటి వయసు భార్యగా నిలబడిందన్నమాట. దానికి ఏడాది ముందు హిందీలో 'అగ్నిపథ్'లో అమితాబ్ బచ్చన్‌కు తల్లిగా వేసింది. అమితాబ్ పుట్టింది 1942లో. కొడుకు తల్లికన్నా తొమ్మిదేళ్లు పెద్ద! ఆ వేషానికే ఫిల్మ్‌ఫేర్ సహాయనటి అవార్డు కూడా ఇచ్చారు.

కాబట్టి మీ పాప బాధ కొత్తదేమీ కాదు. అయితే "చూడు, ఆవిడకు పేరొచ్చింది, నీకూ వస్తుంది" అని ఓదార్చి వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ పేరు వెనక ఉన్న చదువు సంగతి చెప్పాలి. దానివల్ల ఆవిడ పోగొట్టుకున్నదీ చెప్పాలి. నేను చాలా ఏళ్లు చంద్రపూర్, బల్లార్పూర్ పిల్లలకు నాటకాలు నేర్పాను, ఝాడీపట్టీ (మా వైపు పల్లెల్లో రాత్రిళ్లు ఆడే నాటకాలు) సీజన్లలో కొన్నాళ్లు వేషాలూ వేశాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

చదువుతో మొదలుపెడతాను. 1971లో రోహిణి ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరింది. అప్పుడు దాని డైరెక్టర్ ఇబ్రహీం అల్కాజీ. ఆయన దగ్గర చదివినవాళ్లు ఆ కఠినమైన క్రమశిక్షణ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నసీరుద్దీన్ షా, ఓం పురి ఆమెకు ఒక ఏడాది సీనియర్లు. అక్కడికి వెళ్లకముందే ఆమె ఏళ్ల తరబడి భరతనాట్యం, కథాకళి నేర్చుకుంది. స్కూల్లో ఉండగా షోజో సాటో అనే జపాన్ దర్శకుడు వచ్చి కబుకి పద్ధతిలో 'ఇబరాగి' నాటకం చేయించాడు. కబుకి సంప్రదాయంలో ఆడవేషాలు కూడా మగవాళ్లే వేస్తారు. అలాంటిదాంట్లో ఈ పుణె అమ్మాయి నటించింది. శివరామ కారంత్ దగ్గర యక్షగానమూ చేసింది. 1974లో బయటికొచ్చేటప్పుడు ఉత్తమ నటి తనే. ఉత్తమ దర్శకుడిగా ఎంపికైంది జయదేవ్ హట్టంగడి. తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుని బొంబాయిలో మరాఠీ, హిందీ నాటకాల్లో పడ్డారు. 2008లో జయదేవ్ క్యాన్సర్‌తో చనిపోయేవరకూ ఆమె రంగస్థలమంతా ఆయనతో ముడిపడే సాగింది.

కథాకళికీ, కబుకికీ, బామ్మ వేషానికీ సంబంధమేమిటి అంటారేమో. చాలా ఉంది. ముసలి వేషం ఇవ్వగానే మన కాలేజీ పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు: నడుం వంచేస్తారు, గొంతు వణికిస్తారు, చేతిలో కర్ర పట్టుకుంటారు, జుట్టుకు పౌడర్ రాస్తారు. నిజంగా వయసు మళ్లినవాళ్లను గమనించండి. వాళ్లు వంగిపోవాలని చూడరు, నిటారుగా ఉండాలనే ప్రయత్నిస్తారు. కూర్చునే ముందు చెయ్యి ముందుగా కుర్చీని వెతుకుతుంది. మెట్టు దిగేటప్పుడు కళ్లు ఎదుటి మనిషిని వదిలి కిందికి వెళ్లి మళ్లీ పైకొస్తాయి. మాట మధ్యలో ఊపిరికి ఆగుతారు, కానీ ఆగామని తెలియనివ్వరు. ఒంట్లో బరువు ఎక్కడ ఉందో, ఊపిరి ఎక్కడ తెగుతుందో తెలిసిన మనిషే ఇవన్నీ చేయగలదు. నాట్యం, కథాకళి నేర్పేది అదే. రోహిణి మొహానికి వేసిన ముడతలకన్నా ఆమె మోకాళ్లే ఎక్కువ నటిస్తాయని నేను పిల్లలకు చెబుతుంటాను. వాళ్లు నవ్వుతారు. తర్వాత సినిమా మళ్లీ చూసొచ్చి ఒప్పుకుంటారు.

ఇక 'గాంధీ'. సయీద్ మీర్జా సినిమాలు 'అరవింద్ దేశాయీ కీ అజీబ్ దాస్తాన్', 'ఆల్బర్ట్ పింటో కో గుస్సా క్యోం ఆతా హై' చేసి అప్పుడప్పుడే తెర మీద కనిపిస్తున్న రోజులవి. 'గాంధీ' దర్శకుడు రిచర్డ్ అటెన్‌బరో కస్తూర్బా కోసం వెతుకుతుంటే స్మితా పాటిల్, భక్తి బర్వే లాంటి పేర్లు కూడా పరిశీలనకు వచ్చాయి. చివరికి వేషం రోహిణికి దక్కింది. 1980 చివర్లో షూటింగ్ మొదలైనప్పుడు ఆమెకు 29 ఏళ్లు. దక్షిణాఫ్రికాలోని పడుచు భార్య దగ్గర మొదలుపెట్టి, 74 ఏళ్ల వయసులో నిర్బంధంలో ప్రాణం విడిచే కస్తూర్బా దాకా ఒక్కతే మొయ్యాలి. ఆ కస్తూర్బా చనిపోయింది రోహిణి పుట్టిన ఊళ్లోనే, పుణె ఆగాఖాన్ ప్యాలెస్‌లో. 1944 ఫిబ్రవరి 22న. ఇద్దరి పుట్టినరోజూ ఏప్రిల్ 11 కావడం ఇంకో విచిత్రం. దీన్ని జాతకంలా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నేను యాదృచ్ఛికమనే అంటాను.

మీ పాపను ఆ సినిమాలో రెండు సీన్లు చూడమనండి. ఆశ్రమంలో మరుగుదొడ్డి శుభ్రం చేసే పని తాను చేయనని కస్తూర్బా మొండికేస్తే, గాంధీ ఆమెను చెయ్యి పట్టి బయటికి ఈడ్చే సీన్ మొదటిది. అక్కడ ఆమె కోపం, అవమానం, చివర్లో తనంతట తాను ఒప్పుకోవడం అన్నీ రెండు నిమిషాల్లో వస్తాయి. రెండోది చాలా ఏళ్ల తర్వాత పోర్‌బందర్‌లో, విలేకరి ఎదుట ఆ దంపతులు తమ పెళ్లి ప్రమాణాలను సరదాగా మళ్లీ అప్పజెప్పే సీన్. మొదటిదాంట్లో ఉన్న ఒంటి విసురు రెండోదాంట్లో ఉండదు. కానీ మనిషి ఆమే అని మనకు తెలుస్తుంది. వయసు పెరిగినా స్వభావం తెగకుండా చూపించడం ఎంత కష్టమో నాటకం వేసినవాళ్లకే తెలుస్తుంది. 1983లో బ్రిటిష్ వాళ్ల బాఫ్టా ఉత్తమ సహాయనటి అవార్డును 'రెడ్స్' సినిమాకు మౌరీన్ స్టేపుల్టన్‌తో కలిపి ఆమెకు ఇచ్చారు.

చాలామంది ఆవిడ కథను ఇక్కడితో ఆపేస్తారు. నా లెక్కలో ఆమె గొప్ప పని కస్తూర్బా కాదు. 'గాంధీ' మన దేశంలో విడుదలైన రోజుల్లోనే, 1982 డిసెంబర్‌లో, మహేశ్ భట్ 'అర్థ్' వచ్చింది. అందులో ఆమె పనిమనిషి. తాగుబోతు మొగుడు తన్నుతున్నా, కూతురిని మంచి స్కూల్లో వేయడానికి రూపాయి రూపాయి దాచుకుంటుంది. ఆ డబ్బు కూడా మొగుడు ఎత్తుకుపోతే ఏం చేస్తుందో చూడని వాళ్లకు చెప్పి చెడగొట్టను. కథానాయిక షబానా ఆజ్మీ, బాధ అంతా ఆమెది. అయినా సినిమా అయ్యాక ఇంటికొచ్చేటప్పుడు మన వెంట వచ్చేది ఈ పనిమనిషే. ఆ వేషానికి ఫిల్మ్‌ఫేర్ సహాయనటి అవార్డు వచ్చింది.

1984లో 'సారాంశ్'. న్యూయార్క్‌లో కొడుకును పోగొట్టుకున్న ముసలి మరాఠీ దంపతుల కథ. రిటైరైన హెడ్‌మాస్టర్‌గా వేసిన అనుపమ్ ఖేర్‌కు అప్పుడు 30 కూడా లేవు, భార్య పార్వతిగా వేసిన రోహిణికి 33. పోయిన కొడుకు తమ ఇంట్లో అద్దెకుండే అమ్మాయి కడుపున మళ్లీ పుడతాడని పార్వతి నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని ఆమె ఎక్కడా పిచ్చిగా చూపించదు. వంటింట్లో పని చేసుకుంటూ ఎంత మామూలుగా మాట్లాడుతుందో, దీని గురించీ అంతే మామూలుగా మాట్లాడుతుంది. అందుకే భయం వేస్తుంది.

అదే ఏడాది వచ్చిన 'పార్టీ' మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా చూడాల్సిన సినిమా. గోవింద్ నిహలానీ తీశాడు, మూలం మహేశ్ ఎల్కుంచ్వార్ మరాఠీ నాటకం. ఎల్కుంచ్వార్ ఎవరనుకున్నారు? మన పక్క యవత్మాల్ జిల్లా పర్వా గ్రామంలో, తెలుగు మాట్లాడే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాయన. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, అచ్చం మీ ఇంట్లోలాగే. ఆయన రాసిన దానిలో రోహిణి వేసింది మోహినీ బర్వే పాత్ర. ఒకప్పటి నటి, పేరున్న నాటక రచయిత భార్య, నటన వదిలేసి తాగుతూ కరిగిపోతున్న మనిషి. రోహిణికి అది ముసలి వేషం కాదు, తన ఈడు ఆడదాని వేషం. జాతీయ అవార్డుల్లో ఉత్తమ సహాయనటి అనే విభాగం ఆ ఏడాదే కొత్తగా పెట్టారు. దాన్ని మొట్టమొదట అందుకున్నది ఈ పాత్రకు ఈమే. కాబట్టి మీ అత్తగారితో చెప్పండి: ఆవిడ తెలుగామె కాదు గానీ, ఆమెకు జాతీయ అవార్డు తెచ్చిన వేషం పుట్టింది మాత్రం సరిహద్దు జిల్లా తెలుగింటి బిడ్డ కలం నుంచే.

ఇక ఆమె పోగొట్టుకున్నదాని సంగతి. 'పార్టీ' చూస్తే, ఈవిడతో ఇలాంటి పాత్రలు ఇంకో పది చేయించాల్సింది కదా అనిపిస్తుంది. సినిమావాళ్లు చేయించలేదు. ముప్పైల్లోనే తల్లి అనే గడిలో పెట్టి కూర్చోబెట్టారు. 'చాల్‌బాజ్'లో శ్రీదేవిని హింసించే పిన్నిగా, 'దామిని'లో పరువు కోసం నిజాన్ని మింగే పెద్దింటి అత్తగారిగా వేసింది. 'మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.'లో సునీల్ దత్ పక్కన మున్నా తల్లి. రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లో రేవతికి తల్లి. వీటిలో కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని ఎవరైనా చేయగలిగేవి. బాఫ్టా అందుకున్న నటి చేతికి చివరికి పూజ పళ్లెం ఇచ్చి గుమ్మంలో నిలబెట్టే పరిశ్రమ మనది. మీ భయంలో నిజం ఉందని నేను ఒప్పుకునేది ఇక్కడే. ముద్ర పడటం నిజం. కాకపోతే ఆ ముద్ర వేసేది కాలేజీ నాటకం కాదు, కెమెరా.

ఆమె దీన్నెలా తట్టుకుంది? నాటకాన్ని వదలకపోవడం వల్ల అని నా అభిప్రాయం. సినిమా తల్లి వేషం ఇస్తుంటే, రంగస్థలం మీద జయదేవ్ దర్శకత్వంలో 'అపరాజిత' వేసింది. మొదటి నుంచి చివరి దాకా స్టేజీ మీద ఒక్క మనిషే ఉండే నాటకం అది. ఇంకొకరి మాట కోసం ఆగి ఊపిరి పీల్చుకునే వీలు లేదు. 2004లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది కూడా రంగస్థల నటనకే.

టీవీ సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు కదా. మన సరిహద్దు ఇళ్లలో ఆవిడ రెండోసారి పుట్టింది అక్కడే. ఈటీవీ మరాఠీలో 2001 నుంచి 2013 దాకా సాగిన 'చార్ దివస్ సాసూచే'లో ఆశా దేశ్‌ముఖ్, అత్తగారి పాత్ర. మూడు వేల ఎపిసోడ్లు దాటింది. అప్పట్లో ఆ ఛానెల్ రామోజీరావు గ్రూపుదే. మా వీధిలో ఒకే కేబుల్ కనెక్షన్ మీద ఈటీవీ తెలుగు, ఈటీవీ మరాఠీ రెండూ వచ్చేవి. అత్తలు తెలుగు సీరియల్‌కూ, కోడళ్లు మరాఠీ సీరియల్‌కూ రిమోట్ లాక్కునేవాళ్లు. తర్వాత జీ మరాఠీలో 'హోణార్ సూన్ మీ హ్యా ఘర్చీ'లో ఇంటికంతటికీ పెద్ద దిక్కైన బామ్మగా వేసింది. ఆ సీరియల్‌లో కథానాయిక మంచితనం కొన్నాళ్లకు విసుగు పుట్టిస్తుంది గానీ, ఈవిడ వచ్చే సీన్లు మాత్రం నిలుస్తాయి. రోజువారీ సీరియల్‌లో స్క్రిప్టు షూటింగ్ రోజున చేతికొస్తుంది, రిహార్సల్‌కు టైముండదు. అన్నేళ్లు అలా చేస్తూ నటన పలచబడకుండా ఉండాలంటే ముందు బోలెడంత సరుకు లోపల ఉండాలి. పొలం ఎండకాలం తట్టుకోవాలంటే వానాకాలంలో చెరువు నిండి ఉండాలి కదా, అలాగన్నమాట.

ఇప్పుడు మీ పాప సంగతి.

బామ్మ వేషం ఒప్పుకోమనండి, కానీ దర్శకుడిని ఒక షరతు అడగమనండి: ఏడాదిలో కనీసం ఒక నాటకంలో తన ఈడు పాత్ర, అది చిన్నదైనా సరే. ఇరవై ఏళ్ల పిల్లకు ఎప్పుడూ ముసలి వేషమే ఇస్తున్నారంటే రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. మిగతావాళ్లు చేయలేనిది ఈమె చేయగలదని దర్శకుడికి నమ్మకం ఉండాలి, లేకపోతే రంగు, ఒడ్డు పొడుగు చూసి పక్కన పెట్టి ఉండాలి. రెండోదైతే మొహమాటం వద్దు, ఆ బృందం మార్చేయండి. మహారాష్ట్ర రాష్ట్ర నాటక పోటీలకు చంద్రపూర్‌లోనే కేంద్రం ఉంది. అందులో ఆడే హౌసీ (సరదా కొద్దీ ఆడే ఔత్సాహిక) బృందాలు మంచి అమ్మాయిల కోసం ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి.

రెండో మాట, ఝాడీపట్టీని చిన్నచూపు చూడకండి. మన చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో దీపావళి తర్వాత, కోతలయ్యాక మొదలయ్యే ఆ రాత్రి నాటకాలు మీరూ చూసే ఉంటారు. గడ్చిరోలి జిల్లా వడ్సాలో ఆ నాటక కంపెనీల ఆఫీసులు వరుసగా ఉంటాయి. అందులో అరుపులు, అతి నటన ఉంటాయి, కాదనను. కానీ టికెట్టు కొని తెల్లవార్లూ కూర్చున్న జనం ముందు నిలబడే అవకాశం ముంబైలో ఏ యాక్టింగ్ క్లాసూ ఇవ్వదు. గడ్చిరోలి జిల్లాకు చెందిన ఝాడీపట్టీ నటుడు పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. చదువు పాడవకుండా సెలవుల్లో, మీకు తెలిసినవాళ్లున్న కంపెనీలో, ఇంట్లో ఒకరు వెంట వెళ్లి, ఒక సీజన్ చూసి రమ్మనండి. ఆడపిల్లను రాత్రి ప్రయాణాలకు ఒంటరిగా పంపొద్దు. ఈ విషయంలో నేను పాతకాలం దాన్నే.

మూడోది, డిగ్రీ అయ్యాక నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు రాయించండి. మూడేళ్ల కోర్సు, స్కాలర్‌షిప్ ఇస్తారు. డిగ్రీతో పాటు కొన్ని నాటకాల్లో పాల్గొన్న రుజువులు అడుగుతారు కాబట్టి ఇప్పటి నుంచే ప్రతి నాటకం కరపత్రం, సర్టిఫికెట్, ఫొటో ఒక ఫైల్లో దాచమనండి. బామ్మ వేషాలవీ దాచాలి, అక్కడ అవే ఎక్కువ పనికొస్తాయి. బోధన ఎక్కువగా హిందీలోనే. మన పిల్లలకు మరాఠీ, తెలుగు రెండూ వచ్చి హిందీలో తడబడుతుంటారు. రోజూ ఒక పేజీ బయటికి చదవమనండి. సీటు రాకపోతే పుణె, ముంబై, సంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) యూనివర్సిటీల్లో నాటక కోర్సులున్నాయి. మొదటిసారే వచ్చి తీరాలని పట్టు పట్టకండి.

సీరియల్ ఆడిషన్ల గురించి ఒక్కటే. "రిజిస్ట్రేషన్ ఫీజు", "పోర్ట్‌ఫోలియో మా దగ్గరే తీయించాలి", "కోఆర్డినేటర్ కమీషన్ ముందే" అని ఎవరు అడిగినా ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. నిజంగా నటులు కావాల్సినవాళ్లు డబ్బిస్తారు గానీ తీసుకోరు. ఆడిషన్ పేరుతో హోటల్ గదికి రమ్మంటే వెళ్లనే వద్దు. ఒంటరిగా ముంబై అసలే వద్దు.

పాప ఇప్పుడు వేస్తున్న నాటకం ఏది, ప్రదర్శన ఎప్పుడు అన్నది రాయండి. చంద్రపూర్‌లోనే అయితే వచ్చి చూస్తాను. ఈలోగా తనకు ఒక పని చెప్పండి: ఇంట్లో మీ అత్తగారు పీట మీద నుంచి లేచేటప్పుడు ముందు ఏ చెయ్యి నేలకు ఆనిస్తారో వారం పాటు చూసి, నాకు రాసి పంపమనండి.